హాల్డేన్ పండితుడు

పెద్దలకు నమస్కరించిన బాలబాలికలను నూరేండ్లు వర్ధిల్లుడని దీవించుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. దీర్ఘాయువును కోరని మానవుడు లేడు. కాని నూరేండ్లు నిండ జీవించువారు బహు కొలదిమంది. ఒకే యింట పుట్టి, ఒకే పొయ్యిమీది కూడు తిని పెరిగిన అన్నదమ్ములలో ఒకడు ఎనుబదియవ యేట సైతము పొలమునకు నడచి పోవుచుండగా, మరియొకడు అరువదియవ యేటనే మంచము పట్టుచున్నాడు. కొన్ని వంశములలో దీర్ఘాయువు తరతరములుగా కనుపట్టుచున్నది. మరికొన్ని వంశములలో నడివయస్సు రాగానే ఒకే రోగము తండ్రిని, కొడుకును, మనుమని వరుసగా పీడించుచున్నది. ఇది యేల జరుగును? ముసలితన మేల వచ్చును? మన ఆయువులో తలిదండ్రుల నుండి సంక్రమించిన దెంత, మనము స్వయముగా చేసికొన్న దెంత? ఈ ప్రశ్నలకు సమాధానమును వెదకుటకు త్రోవ చూపిన శాస్త్రజ్ఞులలో హాల్డేన్ పండితుడు ముఖ్యుడు. ఆంగ్లదేశమున పుట్టి, భారత పౌరుడై, ఈ దేశముననే కన్నుమూసిన మహనీయుడాయన.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించి పేరుగాంచిన శాస్త్రవేత్త. తల్లి పేరు లూయీసా కాథ్లీన్. పెదతండ్రి రిచర్డ్ హాల్డేన్ బ్రిటిషు ప్రభుత్వమున యుద్ధమంత్రిగా పనిచేసెను. నాయనమ్మ మేరీ ఎలిజబెత్ 1825లో జన్మించి, నూరేండ్లు నిండిన పిదప 1925లో మరణించెను. తల్లి 1961 వరకు బ్రదికెను. అప్పటికి ఆమె వయస్సు 95 ఏండ్లు దాటియుండెను. తండ్రి మాత్రము 75 ఏండ్లకే కాలధర్మము చెందెను. హాల్డేనునకు ఒక్కతే చెల్లెలు. ఆమె పేరు నవోమి. ఆమె 1897లో జన్మించెను.

తండ్రి పరిశోధనలే కుమారునకు తొలి పాఠములు. ఆ కాలమున బొగ్గుగనులలో విషవాయువుల వలన పనివారు మరణించుట పరిపాటి. ఆ వాయువుల స్వభావమును తెలిసికొనుటకై జాన్ స్కాట్ స్వయముగా గనులలోనికి దిగుచుండెడివాడు. కుమారుని గూడ వెంట తీసికొనిపోవుచుండెడివాడు. ఒకనాడు గనిలో మండు వాయువు చేరియున్న యొక తావున బాలుని నిలువబెట్టి, షేక్స్‌పియరు వ్రాసిన జూలియస్ సీజరు నాటకములోని ఆంటొనీ ఉపన్యాసమును వల్లింపుమనెను. బాలుడు కొంత వల్లించునప్పటికి ఊపిరాడక, కాళ్లు తేలిపోయి క్రింద కూలబడెను. నేలవద్ద గాలి శుభ్రముగా నుండుటచే వెంటనే తేరుకొనెను. ఆ వాయువు గాలికంటె తేలికయై గని పైకప్పు నంటియుండునని వాని కప్పుడు బోధపడెను. శాస్త్రజ్ఞుడు సత్యము కొఱకు తన దేహమునే పరికరముగా చేసికొనవచ్చునన్న పాఠము గూడ ఆ దినముననే వాని మనస్సున నాటుకొనెను.

ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి వానిని మెండెల్ సూత్రములను గూర్చిన యొక ఉపన్యాసమునకు తీసికొనిపోయెను. మెండెల్ ఆస్ట్రియా సామ్రాజ్యమునకు చెందిన యొక క్రైస్తవ సన్న్యాసి. ఆయన తన మఠపు తోటలో బఠానీ మొక్కలను పెంచి, పొడుగు మొక్కలను పొట్టి మొక్కలతో సంకరము చేసి, ఏ లక్షణము ఎన్ని మొక్కలకు వచ్చినదో ఓపికతో లెక్కించెను. 1866లో అచ్చయిన ఆ పరిశోధన విలువను 1900 వరకు లోకము గుర్తింపలేదు. తలిదండ్రుల లక్షణములు పాలును నీరును వలె కలిసిపోవక, విడివిడి గింజల వలె ఒక తరము నుండి మరియొక తరమునకు చేరునని మెండెల్ కనుగొనెను. గింజల వంటి ఆ అంశములనే నేడు జన్యువులని పిలుచుచున్నాము. అవి జీవకణములలో క్రోమోజోములను సన్నని పోగులపై వరుసగా నమరి యుండును. సాధారణముగా ప్రతి జన్యువును తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి చొప్పున బిడ్డకు చేరును.

ఆ ఉపన్యాస ఫలము కొన్నేండ్లకు ఇంటి పెరటిలోనే కనబడెను. నవోమి గినీ పందులను పెంచుచుండెను. అన్న వానిని చూచి, మెండెల్ సూత్రములు జంతువులకును వర్తించునో లేదో పరీక్షింప నెంచెను. అన్నాచెల్లెండ్రు వానికి జతలు కూర్చి, పుట్టిన పిల్లల రంగులను, రోమముల తీరును పుస్తకమున వ్రాసికొనసాగిరి. పచ్చికబయలంతయు వందలకొలది గినీ పందులతో నిండిపోయెను. పిదప స్ప్రంట్ అను మిత్రుడు గూడ తోడురాగా, ముగ్గురును చుంచెలుకలపై పరిశోధన సాగించిరి. ఒకే పోగుపై దగ్గరదగ్గరగా నున్న రెండు జన్యువులు ఒకే బండిలో కూర్చున్న బాటసారుల వలె కలిసి ప్రయాణము చేయునని, కనుక ఆ రెండు లక్షణములును తరచుగా ఒకే పిల్లలో కనబడునని వారి లెక్కలు తెలిపినవి. పాలిచ్చు జంతువులలో ఈ సంగతి నిరూపించుట అదియే తొలిసారి.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆక్స్‌ఫర్డులో గణితమును, ప్రాచీన గ్రీకు లాటిను సాహిత్యములను చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైన హాల్డేన్ సైన్యమున చేరెను. స్ప్రంట్ యుద్ధమున మరణించెను. చుంచెలుకలను గూర్చిన వ్యాసము 1915లో ముగ్గురి పేరులతోను వెలువడెను. హాల్డేన్ ఫ్రాన్సు దేశమునను, నేటి ఇరాకు దేశమునను పోరాడి గాయపడెను. ఆ గాయములు మానుటకై ఆయనను భారతదేశమునకు పంపిరి. ఆయన ఈ దేశమును తొలిసారి చూచినది అప్పుడే.

యుద్ధానంతరము హాల్డేన్ ఆక్స్‌ఫర్డులోను, 1922 నుండి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోను పనిచేసెను. విచిత్రమేమనగా, జీవశాస్త్రమున ఇంత పేరు పొందిన ఆయనకు విజ్ఞానశాస్త్రమున పట్టము లేదు. కాని గణితమున గట్టి చేయి యుండెను. ప్రకృతి వరణము వలన జీవజాతులు మారుచున్నవని డార్విన్ చెప్పియుండెను. అనగా పరిసరములకు తగిన లక్షణములు గల ప్రాణులు ఎక్కువ సంతానమును మిగుల్చును. తగని లక్షణములు గలవి తక్కువ సంతానమును మిగుల్చును. ఆ విధముగా మంచి లక్షణములు జాతియందు వ్యాపించును. ఇది యెంత వేగముగా జరుగునో విపులముగా లెక్కగట్టవలసి యుండెను. హాల్డేన్ 1924 మొదలు వరుసగా వ్యాసములు వ్రాసి ఆ పని చేసెను. ఫ్యాక్టరీల పొగతో చెట్లు నల్లబడిన మాంచెస్టరు ప్రాంతమున తెల్లని రెక్కల పురుగులు తగ్గి, నల్లనివి సుమారు 50 ఏండ్లలోనే అంతట వ్యాపించినవి. ఇంత త్వరగా వ్యాపింపవలెనన్నచో నల్లని పురుగులు తెల్లనివానికంటె ఒకటిన్నర రెట్లు సంతానమును మిగుల్చుచుండవలెనని ఆయన లెక్క తేల్చెను. ప్రకృతి లెక్కించునది బలమును గాదు, అందమును గాదు, మిగిలిన సంతానమును మాత్రమే. ఈ మాట ముందు చెప్పబోవు సంగతికి మూలము.

తండ్రి నేర్పిన పాఠమును ఆయన మరువలేదు. రక్తములో ఆమ్లము హెచ్చినచో శ్వాస యెట్లు మారునో తెలిసికొనుటకై అమ్మోనియం క్లోరైడు అను లవణమును నీటిలో కలిపి తానే త్రాగెను. 1939 జూన్ 1వ తేదీన థెటిస్ అను బ్రిటిషు జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. అట్టి విపత్తులలో మనుష్యుడు ఎట్లు తప్పించుకొనగలడో కనుగొనుటకై హాల్డేనును ఆయన సహచరులును ఇనుపగదిలో మూయించుకొని, బొగ్గుపులుసు వాయువును, అధిక పీడనమును తమపైననే పరీక్షించుకొనిరి. ఒకమారు ఈడ్పులు వచ్చి ఆయన వెన్నుపూసలు నలిగెను. చెవిలోని పొర చిల్లుపడెను. ఆయన మాత్రము ఆ చెవినుండి పొగాకు పొగను వదలి మిత్రులను నవ్వించెడివాడు.

1933లో హాల్డేన్ లండనులోని యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యెను. అక్కడ ఆయన దృష్టి మానవుల అనువంశికత వైపు మరలెను. మనుష్యులకు గినీ పందులకు వలె జతలు కూర్చుట తగదు గదా! కావున కుటుంబముల వంశవృక్షములను సేకరించి, అందలి రోగములను లెక్కించుటయే మార్గము. రక్తము గడ్డకట్టని హీమోఫీలియా అను వ్యాధియు, ఎరుపు ఆకుపచ్చల భేదము తెలియని వర్ణాంధత్వమును కొన్ని కుటుంబములలో జంటగా నడచుచున్నవని జూలియా బెల్ అను విదుషీమణితో కలిసి ఆయన 1937లో చూపెను. మానవుని రెండు జన్యువులు ఒకే పోగుపై దగ్గరగా నున్నవని తొలుత నిరూపించిన దీ పరిశోధనయే.

ఇట్లు వంశవృక్షములను పరిశీలించుచుండగా ఆయనకు ఒక భయంకర వ్యాధి విషయమున సందేహము కలిగెను. 1872లో జార్జి హంటింగ్టన్ అను అమెరికా వైద్యుడు వర్ణించుటచే దానికి హంటింగ్టన్ వ్యాధి యని పేరు వచ్చెను. అది సోకువాడు సాధారణముగా ముప్పది, నలువది యేండ్ల వరకు ఆరోగ్యముగా నుండును. పిదప కాలుసేతులు తమంత తాము కదలాడసాగును, మాట తడబడును, బుద్ధి మందగించును, కొన్ని సంవత్సరములకు మరణము సంభవించును. దీనికి కారణము ఒకే జన్యువునందలి దోషము. తండ్రినుండి గాని తల్లినుండి గాని చెడిన ప్రతి ఒక్కటి సంక్రమించినను చాలును, వ్యాధి తప్పదు. రోగి సంతానములో ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము గలదు. ఇంతటి ఘోరమైన దోషమును ప్రకృతి వరణము ఇన్ని తరములుగా ఏల తొలగింపలేదు? ఇదియే హాల్డేన్ సందేహము.

ఆయన సమాధానమును ఒక ఉపమానముతో తెలిసికొనవచ్చును. జొన్నచేను కోతకు వచ్చినపుడు రైతు చేనంతయు తిరిగి చూచి, మంచి కంకులను ఏరి విత్తనమునకు దాచుకొనును. మొలకదశలోనే తెగులు సోకి చచ్చిన మొక్కనుండి విత్తనము రాదు. కనుక మొలకలను చంపు దోషము ఏటేట తగ్గుచు వచ్చి, తుదకు చేనినుండి మాయమగును. కాని కోత ముగిసి, కంకులు ఇల్లు చేరిన పిదప కొయ్యకాళ్లకు తెగులు పట్టినదనుకొందము. రైతు దానిని చూడడు. చూచినను అప్పటికే విత్తనము గాదెలో చేరినది. ఆ దోషము గల కంకియు, దోషము లేని కంకియు మరుసటి యేడు సమానముగనే మొలకెత్తును. ప్రకృతియు నట్టి రైతే. శైశవముననే చంపు జన్యువును అది కఠినముగా ఏరివేయును. హంటింగ్టన్ వ్యాధి బయటపడునప్పటికి రోగికి పిల్లలు పుట్టియుందురు. చెడిన జన్యువు వారిలో కొందరికి చేరియే యుండును. కావున ప్రకృతి వరణపు చేయి దానిని పట్టుకొనజాలదు.

1941లో వెలువడిన తన గ్రంథమున హాల్డేన్ ఈ భావమును సూచించెను. ఆయన ఇంకొక మాట గూడ చెప్పెను. ఒక దోషము బయటపడు కాలమును వెనుకకు నెట్టగల ఇతర జన్యువులు ఏవైన నున్నచో, వానిని ప్రకృతి వరణము ఆదరించును. కీడు చేయు జన్యువుల ప్రభావము ఆ విధముగా యౌవనమునుండి నడివయస్సునకు, నడివయస్సునుండి వార్ధక్యమునకు జరుపబడును. ఈ చిన్న సూచననుండియే ముసలితనమును గూర్చిన యొక గొప్ప సిద్ధాంతము పెరిగెను. పీటర్ మెడవార్ అను శాస్త్రజ్ఞుడు దానిని 1951లో లండనులో చేసిన ప్రసంగమున విస్తరించెను. అడవులలో నివసించిన మన పూర్వులలో పెక్కుమంది ఆకలి చేతను, అంటురోగముల చేతను, క్రూరమృగముల చేతను వృద్ధులు కాకముందే మరణించుచుండిరి. అట్టి లోకమున ఎనుబదియవ యేట కీడు చేయు జన్యువును తొలగించుటకు తగిన అవకాశమే ప్రకృతికి లేదు. ఇట్టి జన్యువులు తరతరములుగా పోగుపడి, నేడు మనము ఎక్కువ కాలము బ్రదుకుచున్నందున తమ ఫలమును చూపుచున్నవి. 1957లో జార్జి విలియమ్స్ ఇంకొక సంగతిని జోడించెను. యౌవనమున మేలు చేయు జన్యువే వార్ధక్యమున కీడు చేయవచ్చును. అట్టి జన్యువును ప్రకృతి విడువకపోగా ఆదరించును గూడ.

ఇవి కేవల ఊహలు గావని 1980 తరువాతి పరిశోధనలు చూపినవి. మైకేల్ రోజ్ అను శాస్త్రజ్ఞుడు పండ్లపై ముసురు చిన్న ఈగలను పెంచుచు, ముసలి ఈగలు పెట్టిన గ్రుడ్లను మాత్రమే ప్రతి తరమునను మిగిల్చెను. అనగా కోతకాలమును వెనుకకు జరిపెను. కొన్ని తరములు గడచునప్పటికి ఆ వంశపు ఈగలు ఇతర ఈగలకంటె ఎక్కువ కాలము జీవింపసాగినవి. 1993లో సింథియా కెన్యన్ అను శాస్త్రవేత్త్రియు ఆమె సహచరులును ఒక సన్నని నులిపురుగులో ఒకే జన్యువు మారుటచే దాని ఆయువు రెట్టింపునకు మించెనని కనుగొనిరి. హాల్డేన్ తెరచిన రెండవ త్రోవ గూడ ఫలించెను. జన్యువుల సహప్రయాణమును గుర్తించు పద్ధతితోనే, వెనెజువెలా దేశమున మరకైబో సరస్సు తీరముననున్న పెద్ద కుటుంబముల సాయమున, హంటింగ్టన్ జన్యువు నాల్గవ క్రోమోజోముపై నున్నదని 1983లో తెలిసెను. 1993లో ఆ జన్యువే దొరికెను.

హాల్డేన్ తన విద్యను విద్వాంసులకే పరిమితము చేయలేదు. పని ముగించుకొని యింటికి పోవు కార్మికుడు సైతము చదివి తెలిసికొనునట్లు కార్మికుల పత్రికలో వందలకొలది విజ్ఞాన వ్యాసములు వ్రాసెను. 1956లో బ్రిటను ఈజిప్టుపై దండెత్తుట ఆయనకు మిక్కిలి రోత పుట్టించెను. మరుసటి సంవత్సరము తన 64వ యేట, భార్యయు జీవశాస్త్రవేత్త్రియునైన హెలెన్ స్పర్వేతో కూడ ఆంగ్లదేశమును వీడి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో చేరెను. భారతీయ దుస్తులు ధరించి, శాకాహారియై, అరువదేండ్లు మేజోళ్లు తొడిగినది చాలునని పరిహాసమాడుచు, ఈ దేశపు ఎండలో హాయిగా తిరిగెను. 1961లో భారత పౌరుడయ్యెను.

పరిశోధనకు విలువైన పరికరములు లేవని చింతించుచుండిన మన యువకులకు ఆయన క్రొత్త దారి చూపెను. చూచు కన్నులును, లెక్కించు ఓపికయు నున్నచో పూలతోటయే ప్రయోగశాల యని బోధించెను. ఒక శిష్యుడు కొబ్బరిచెట్ల ఆకులు కుడివైపునకు తిరుగుచున్నవో, ఎడమవైపునకు తిరుగుచున్నవో లెక్కించెను. మరియొకడు పూల రేకులను లెక్కించెను. ఆ శిష్యులలో పిఠాపురమునకు చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. ఆయన సీతాకోకచిలుకలు ఏ రంగు పూలపై వ్రాలునో గమనించెను. పిదప ఆంధ్రదేశమున మేనరికపు వివాహములను గూర్చి మీరాఖాన్ అను మరియొక పరిశోధకునితో కలిసి సమాచారము సేకరించెను. మేనమామను గాని, మేనత్త కుమారుని గాని పెండ్లాడినచో భార్యాభర్తల కిరువురకును ఒకే పూర్వుని జన్యువులు కొన్ని యుండును. ఒక్క ప్రతిగా నున్నపుడు కీడు చేయని దోషము, అట్టి దంపతుల బిడ్డలో రెండు ప్రతులుగా కలిసి వ్యాధిగా బయటపడవచ్చును. మన ఇండ్లలోని ఆచారమే శాస్త్రమునకు విలువైన విషయమని హాల్డేన్ గ్రహించెను.

కృష్ణారావు చెవులపై మొలచు రోమములను గూర్చియు ఆంధ్రదేశపు వంశవృక్షములను సేకరించి 1960లో ప్రకటించెను. ఆ లక్షణము పుట్టుకతో కనబడదు; పురుషులలో వయస్సు వచ్చిన కొలది బయటపడును. అది తండ్రినుండి కొడుకునకు మాత్రమే చేరు క్రోమోజోముపై నున్నదని అప్పుడు తలచిరి. 2004లో దక్షిణ భారతీయులపై జరిగిన సూక్ష్మ పరీక్ష ఆ యభిప్రాయమును బలపరుపలేదు. శాస్త్రమున ఎంతవారి మాటయైనను పరీక్షకు నిలువవలసినదే.

1962లో ఒడిశా ప్రభుత్వ ఆహ్వానముపై హాల్డేన్ భువనేశ్వరమునకు పోయి, అక్కడ జన్యుశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పెను. కాని మరుసటి సంవత్సరాంతమున ఆయన పెద్దప్రేగు చివర పుట్టకురుపు, అనగా క్యాన్సరు, ఉన్నట్లు తెలిసెను. లండనులో శస్త్రచికిత్స జరిగెను. ఆసుపత్రి మంచముపై నుండియే తన వ్యాధిని గూర్చి హాస్యముగా ఒక పద్యము వ్రాసి పత్రికలో ప్రకటించెను. రోగలక్షణములు కనబడినపుడు సిగ్గుపడి దాచుకొనక, వెంటనే వైద్యుని దర్శింపవలెనని దానిలోని సారాంశము. వ్యాధి మరల తిరుగబెట్టి, 1964 డిసెంబరు 1వ తేదీన, తన 72వ యేట, ఆయన భువనేశ్వరమున కన్నుమూసెను.

చిన్ననాడు గనిలో నేర్చిన పాఠమును ఆయన మరణానంతరము గూడ పాటించెను. తన దేహమును వైద్యవిద్యార్థుల కుపయోగింపవలెనని ముందే వ్రాసిపెట్టెను. ఆ ప్రకారము ఆయన భౌతికకాయమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు పంపిరి. ఆక్స్‌ఫర్డున పుట్టిన దేహము ఆంధ్ర విద్యార్థులకు పాఠ్యగ్రంథ మయ్యెను.

ఆయన చెల్లెలు నవోమి ఆ తరువాత గూడ చాలకాలము జీవించెను. ఆమె నవలారచయిత్రియై, ఏడుగురు బిడ్డల తల్లియై, 1999 జనవరిలో తన 101వ యేట మరణించెను. అన్నాచెల్లెండ్రిరువురును ఒకే తలిదండ్రుల బిడ్డలు. నాయనమ్మకు నూరేండ్ల ఆయువు. ఐనను ఒకరు 72 ఏండ్లు, మరియొకరు 101 ఏండ్లు జీవించిరి. దీనికి కారణమేమి? తోబుట్టువులకు జన్యువులు ఉమ్మడిగా నుండునది సుమారు సగము మాత్రమే. మిగిలినది వేరువేరుగా వచ్చును. అంతియే గాక, ఆయువంతయు జన్యువుల చేతిలో లేదు. 1870 మొదలు 1900 వరకు డెన్మార్కున పుట్టిన 2,872 కవల జంటలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, మనుష్యుల ఆయువునందలి భేదములలో సుమారు నాల్గవ వంతు మాత్రమే జన్యువుల వలన కలుగునని 1996లో తేల్చిరి. ప్రమాదములను, అంటురోగములను వేరుచేసి లెక్కించినచో ఆ పాలు ఇంకను ఎక్కువ యని కొందరందురు. ఎట్లు చూచినను ఆహారము, అలవాట్లు, పరిశుభ్రత, సకాల వైద్యము, అదృష్టము అనువానికి పెద్ద పాలే మిగులుచున్నది.

తొంబదియైదు, నూరేండ్లు దాటినవారిలో మాత్రము జన్యువుల ప్రభావము కొంత హెచ్చుగా కనబడును. నులిపురుగు దీర్ఘాయువునకు తోడ్పడు జన్యువునకు బంధువైన ఫాక్సో-3 అను జన్యువు మనుష్యులలో నున్నది. దాని యొక రూపము గలవారు ఎక్కువ కాలము జీవించుట హవాయి దీవులలోని జపాను సంతతి పురుషులలో 2008లో గుర్తించిరి. వార్ధక్యమున మతిమరుపు వ్యాధిని కలిగించుటకు తోడ్పడు మరియొక జన్యురూపము శతవృద్ధులలో అరుదుగా కనబడును. కాని ఒకే జన్యువు ఎవ్వరికిని నూరేండ్లు ప్రసాదింపజాలదు. వందలకొలది జన్యువులు తలకొక కొంచెము చొప్పున పనిచేయును. హంటింగ్టన్ జన్యువు వంటి ఘోరమైన తీర్పులు బహు అరుదు. తండ్రి గుండెజబ్బుతో మరణించెనని కుమారుడు నిరాశ చెందనక్కరలేదు. ముందుగా మేలుకొని వైద్యుని దర్శించుటకు ఆ సంగతి హెచ్చరిక యగును. తాత నూరేండ్లు బ్రదికెనని మనుమడు ఒడలు మరచి తిరుగుటయు తగదు.

ప్రకృతి లెక్కించునది సంతానమును మాత్రమే యని హాల్డేన్ గణితము చెప్పుచున్నది. ఆయనకు సంతానము లేదు. ప్రకృతి లెక్క చొప్పున ఆయన జన్యువులు ఆయనతోనే ముగిసినవి. కాని ఆయన భావము మెడవారును, విలియమ్సును దాటి నేటి ప్రయోగశాలలకు చేరెను. ఆయన చూపిన పరిశోధనా మార్గమున పిఠాపురపు యువకుడు నడచెను. ఆయన దేహము కాకినాడలో విద్యార్థులకు పాఠము చెప్పెను. తలిదండ్రుల నుండి మనకు సంక్రమించు ఆయువు ఎంతయో ఎవ్వరును ఎంచుకొనలేరు. దానిని ఎట్లు వెచ్చింపవలెనో ఎంచుకొనుట మాత్రము ప్రతివాని చేతిలోను గలదు. హాల్డేన్ పండితుడు తన 72 ఏండ్లను వెచ్చించిన విధము విద్యార్థులకు ఆదర్శప్రాయము.